ఏడు పాల కవర్లు, ఒక అంబాసిడర్ ఇంజను

"నీళ్లు కొట్టు, సుగుణా."

"కొట్ట."

"ఎందుకు కొట్టవ్?"

"ఇంజన్ కాలుతుంది. ఏది, చెయ్యి పెట్టి చూడు సేట్."

"నేనెందుకు పెడ్త? కాలుతుందని నువ్వే అంటున్నవ్ గద."

"నీ చెయ్యి కాలుతదని నీకెరుకనే. మరి గా ఇనుము మీద సల్లటి నీళ్లు గుమ్మరిస్తే దానికేమైతదో ఎరుక లేదా?"

"ఇనుమే కద! ఇనుముకేం నొప్పి?"

"అది పగిలినంక నొప్పి నీకే వస్తది."

ఈ మాటతో మల్లప్ప సేట్ లేచి నిలబడ్డాడు. నారాయణఖేడ్ బజారులో నూనె, పప్పుల దుకాణం ఆయనది. మరునాడు ఆయన చిన్నకొడుకు పెళ్లి. పెళ్లికొడుకు ఎక్కి వెళ్లవలసిన తెల్ల అంబాసిడర్ కారు మా వాషింగ్ సెంటర్‌లో మూత ఎత్తుకొని, సెగలు కక్కుతూ నిలబడి ఉంది. డ్రైవరు యూసుఫ్ దాన్ని అప్పుడే కల్హేర్ నుంచి తోలుకొచ్చాడు. సేట్ చేతిలో ఇంకా పంచవలసిన శుభలేఖల కట్ట. పెళ్లి రేపనగా ఇవాళ పిలుపులు చేసే మనిషికి ఎంత తొందర ఉంటుందో మీరే ఊహించుకోండి.

లొల్లి విని మా యజమాని నర్సింలు లోపలి నుంచి వచ్చాడు. "ఏందక్కా, గిరాకిని నిలబెట్టి పంతం పడుతున్నవ్? సేట్ పోయమంటున్నడు, నేను పోయమంటున్న. ఇగ నీకేంది?"

"మీరిద్దరు చెప్తే ఇంజన్ సల్లారుతదా?"

"గంత తెలివి ఉంటే గిన్నెలెందుకు తోమినవ్ ఇన్నేండ్లు?"

"గిన్నెలు తోమినందుకే తెలుసు."

నర్సింలుకు కోపం వచ్చింది. అందరి ముందూ అన్నాడు: "సరే. నీ ఇష్టమొచ్చినట్టే కడుగు. కాని రేపు పెళ్లి కాడ గీ ఇంజన్ తోని సేట్‌కు ఏ చిన్న బదునాం వచ్చినా, నువ్వు మల్ల హోటల్‌ల గిన్నెల కాడికే."

"నువ్వు పంపుడెందుకు? నేనే పోత," అన్నాను.

ఆ పనిలో చేరి అప్పటికి నాకు రెండు నెలలు నిండలేదు.

గిన్నెల దగ్గర నేర్చుకున్నది

బండ్లు కడిగే పనిలోకి ఇప్పుడు వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను చదివింది మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా. 2001లో ఈ పనిలో చేరి 2014లో మానేశాను. మధ్యలో జీతం ఎంత పెరిగింది, ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు అనేవి మీకు పనికిరావు. ఇంజను ఎట్లా కడగాలో పనికివస్తుంది.

అంతకు ముందు పదహారేళ్లు ఒక హోటల్లో గిన్నెలు తోమాను. అక్కడ నా పేరు ఎవరికీ తెలియదు. "ఏ గిన్నెలామె" అనేవారు. ఒకసారి పూరీలు కాల్చిన పోత ఇనుప మూకుడును పొయ్యి మీద నుంచి దించీ దించగానే, జిడ్డు తొందరగా పోతుందని చన్నీళ్లు పోశాను. టప్పుమని ఒక చప్పుడు. అంచు నుంచి అడుగు దాకా చీలిపోయింది. హోటలు యజమాని ఆ రోజు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, కాని పాఠం రాస్తాను. వేడి ఇనుము మీద చన్నీళ్లు పోయకూడదు. ఇంజను కూడా మూకుడు వంటిదే. కాకపోతే మూకుడుకు మూడు రొట్టెల ఖరీదు, ఇంజనుకు మూడు ఎకరాల పంట.

నర్సింలు ఆ హోటల్లో చాయ తాగడానికి వచ్చేవాడు. ఒకనాడు నేను పెద్ద దేగిసా అడుగున పట్టిన జిడ్డును కొబ్బరి చిప్పతో గీకుతుంటే నిలబడి చూశాడు. "నీ పేరేంది అక్కా?" అన్నాడు. పదహారేళ్లలో మొదటిసారి ఒకరు అడిగారు. "సుగుణమ్మ" అన్నాను. "సుగుణక్కా, బండ్లు కడుగుతవా?" అన్నాడు. ఆ సాయంత్రమే నా కొబ్బరి చిప్ప పట్టుకొని వెళ్లిపోయాను.

అందుకే పందెం కాసిన రోజు నాకు లోపల భయంగానే ఉంది. గిన్నెల దగ్గరికి పోవడం పెద్ద కష్టమేమీ కాదు, చెయ్యి అలవాటున్న పనే. మళ్లీ పేరు లేకుండా పోవడమే కష్టం.

ఇంజనుకు బొట్టు

సేట్ ఇంజను కడిగించాలని పట్టుబట్టడానికి కారణం ఆయన అక్క శరణమ్మ. బీదర్ దిక్కు ఊళ్లో ఉంటుంది. వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉంది. పెళ్లికొడుకు బయలుదేరే ముందు మేనత్త వచ్చి బండి మూత ఎత్తించి, లోపల ఇంజనుకే పసుపు రాసి బొట్టు పెడుతుంది.

"అందరు బండి మొఖానికి పెడ్తరు. మేం గుండెకు పెడ్తం," అన్నాడు సేట్, కోపం మధ్యలో కూడా గొప్పగా.

పెద్దకొడుకు పెళ్లిలో శరణమ్మ అట్లాగే వంగి బొట్టు పెట్టింది. లేచేసరికి కొత్త పట్టుచీర కొంగు మీద చెయ్యంత నల్ల మరక. ఇప్పుడు నవ్వకుండా వినండి. ఆమె ఆ చీరను ఉతకలేదు. మడత పెట్టి దాచింది. తమ్ముడి ఇంటికి ఎప్పుడు వచ్చినా సంచిలో తెచ్చేది. అన్నం దగ్గర విప్పేది. "చూడు మల్లప్పా, నీ బండి నాకు పెట్టిన చీర" అనేది. అన్నం కలుపుకోవడానికి చెయ్యి రాక సేట్ పీట మీద నుంచి లేచిపోయేవాడు.

"ఆరేండ్ల సంది చూపిస్తుంది సుగుణా," అన్నాడు. "దీపావళికి చూపిచ్చింది, నేను దవాఖానల పండుకుంటే ఆడికి కూడ తెచ్చి చూపిచ్చింది!"

నేను పళ్లు బిగబట్టాను. యూసుఫ్ మాత్రం కారు వెనక్కి పోయి నవ్వాడు. కారు ఊగుతుంటే మాకు తెలిసింది.

అరగంట

ఇంజను చల్లారిందా లేదా అని గడియారం చూసి చెప్పకూడదు. రొట్టెల పెనం కాగిందో లేదో చూసినట్టు చూడాలి. వేళ్లతో ఒక్క చుక్క చల్లాలి. చుయ్యిమని ఎగిరిపోతే కూర్చోవాలి. చుక్క చుక్కలాగే నిలిస్తే, అప్పుడు మోచేతి కింది భాగం ఆనించి చూడాలి. అక్కడి చర్మం అబద్ధం చెప్పదు. అరచేయి మాత్రం పని చేసి చేసి మొద్దుబారి ఉంటుంది.

నేను చుక్క చల్లాను. చుయ్యి.

"అయిందా?" అన్నాడు సేట్.

"కాలే."

కొద్దిసేపటికి మళ్లీ చల్లాను. చుయ్యి.

"ఇగ?"

"ఇగ నువ్వు అడిగినకొద్ది అది కోపంతోని ఇంకింత కాగుతది, సేట్."

ఆయన విసురుగా లేచాడు. ఒళ్లోని శుభలేఖల కట్టకు ఉన్న తాడు తెగి, కార్డులన్నీ తడి నేల మీద చెల్లాచెదురయ్యాయి. నలుగురం వంగి ఏరుతున్నాం, గాలి ఎగరేస్తోంది, ఒకటి పోయి మడుగులో పడింది. ఎవరి పేరో చూసి సేట్, "అరే, గీయన ఎట్లనన్న రాడు తియ్" అన్నాడు. కట్ట కట్టడానికి ఏమీ లేక నా సంచిలోంచి ఒక సైకిల్ ట్యూబు ముక్క తీసి ఇచ్చాను. ట్యూబును అడ్డంగా కోస్తే వచ్చే గాజులాంటి ముక్క అది. "రేపు తిరిగి తెచ్చియ్యాలె" అని కూడా చెప్పాను.

"రబ్బరు ముక్క కూడ తిరిగి ఇయ్యాల్నా?"

"ఇయ్యాలె. నా కాడ లెక్క ఉంటది."

ఆ లెక్కే నన్ను ముంచబోతున్నదని అప్పుడు తెలియలేదు.

నర్సింలు సగం మీసం

ఇంజను చల్లారే లోపు ఏ మందుతో కడగాలో చెబుతాను. పెట్రోలుతో కడగవద్దు. ఎవరు చెప్పినా వినవద్దు. మా నర్సింలు పని మొదలుపెట్టిన కొత్తలో పెట్రోలులో గుడ్డ ముంచి ఒక జీపు ఇంజను తళతళలాడేట్టు తుడిచాడట. తుడిచి, తన పనితనం చూసి మురిసిపోయి, అక్కడే నిలబడి బీడీ ముట్టించాడు. భుస్సుమంది. దేవుడి దయ, మనిషికి ఏమీ కాలేదు. కుడివైపు మీసం మాత్రం మొత్తం పోయింది.

మిగిలిన సగం గీసేసుకుంటే సరిపోయేది. కాని వాళ్ల నాయన బతికే ఉన్నాడు. తండ్రి ఉండగా కొడుకు మీసం తీయకూడదని ఇంట్లో ఒప్పుకోలేదు. రెండో సగం పెరిగేదాకా నర్సింలు ఎడమవైపు మీసంతో ఊరంతా తిరిగాడు. గిరాకీలు బండి పని లేకున్నా వచ్చి చూసిపోయేవారట. ఈ కథ ఆయనే నాకు చెప్పాడు. తన తప్పు తానే చెప్పి నవ్వించే యజమాని దొరికితే ఆ చోటు వదలకండి. అటువంటివాళ్లు తక్కువ.

నేను వాడింది కిరోసిన్, బట్టల సబ్బు ముక్కలు నానబెట్టిన నీళ్లు. చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు, బీడీ మనిషి వాకిలి అవతల ఉండాలి. నిజం చెప్పాలంటే కిరోసిన్ కూడా అంత మంచిది కాదు, రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ఇప్పుడు దుకాణాల్లో జిడ్డు తీసే మందు డబ్బాల్లో దొరుకుతోంది. అది కొనండి. పొదుపు చేయవలసిన చోటు వేరే ఉంది, ఇది కాదు.

కట్టిన తరువాతే నీళ్లు

చుక్క నిలిచింది. మోచెయ్యి ఆనించాను. వెచ్చగా, పసిబిడ్డకు పోసే నీళ్లంత ఉంది. లేచాను.

మొదట బ్యాటరీ తీగ విప్పించాను, మైనస్ వైపుది. తరువాత తడి తగలకూడని వాటికి కవర్లు కట్టాను. హోటల్లో పారేసే పాల కవర్లను కడిగి, ఆరబెట్టి దాచుకున్నవి నా దగ్గర ఏడు ఉండేవి. ఒక్కటి చిరిగితేనే ఇంకొకటి చేర్చేదాన్ని. మంటపుట్టించే తీగలన్నీ కలిసే డబ్బాకు ఒకటి, దాని పక్కన కాయిల్‌కు ఒకటి, కరెంటు తయారు చేసే డైనమోకు ఒకటి, గాలి పీల్చే మూతికి ఒకటి, ఫ్యూజులకు ఒకటి, నూనె పోసే మూతకు ఒకటి. ఏడోది హారన్‌కు. రబ్బరు ముక్కలు ఏడు ఉండాలి, సేట్ దగ్గరికి ఒకటి పోయింది. అందుకని హారన్ కవరును కారులో ఉన్న పూలపొట్లం దారం తీసి కట్టాను.

కింద వరి పొట్టు పరిచాను. నల్లనీళ్లు మోరీలోకి పోతే పక్క చేను బావికి చేరుతాయి, అది మరవవద్దు. కొబ్బరి చిప్పతో గట్టి జిడ్డును గీకాను. ఆ తరువాత మందు రాసి, బ్రష్షుతో మూలమూలనా రుద్ది, అది ఎండిపోక ముందే నీళ్లు పోశాను. ప్రెషర్ గన్‌తో కాదు, చెంబుతో. గన్ను చక్రాలకు, అడుగు భాగానికి బాగుంటుంది. ఇంజను మీద పెడితే ఏ సందులోంచి దూరకూడదో ఆ సందులోంచే నీళ్లను లోపలికి కొడుతుంది.

"మా ఇంట్ల చిన్నపిల్లకు గిట్లనే పోస్తరు అక్కా," అన్నాడు యూసుఫ్. "చెవులల్ల పోకుండ."

"చెవులు మూసినం గద. నువ్వు జరుగు."

జిడ్డు పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంటే టింగుమని ఏదో కింద పడింది. యూసుఫ్ వంగి తీశాడు. చిన్న పానా. చూసి ఒక్క కేక పెట్టాడు. "యా అల్లా! సేట్! ఇదే! ఎనిమిదేండ్ల కింద నేను అమ్ముకున్నన్నవ్ గద, ఇదే ఆ పానా!" దాన్ని రెండు చేతులతో పైకెత్తి వాకిలంతా తిరిగాడు. నర్సింలుకు చూపించాడు, నాకు చూపించాడు, రోడ్డు మీద పోతున్న మేకల మనిషికి కూడా చూపించాడు. "ఎనిమిదేండ్లు నన్ను దొంగను చేసినవ్, సేట్! ఇంజన్ దాసుకున్నది! ఇంజన్ దొంగ!"

సేట్ ఆ మాటలు వినడం లేదు. వంగి ఇంజను వైపు చూస్తున్నాడు. నురగ కిందికి జారుతుంటే లోపలి నుంచి లేత ఆకుపచ్చ బయటపడుతోంది.

"సుగుణా... గిది పచ్చగుంటదా?"

"పచ్చగనే ఉంది."

"పదకొండేండ్లయ్యింది కొని! నల్లగుంటదనుకున్న! అరే యూసుఫ్, పచ్చగుందిరా!"

"పానా సంగతి చెప్పు ముందు!"

ఒకరు పచ్చ అని, ఒకరు పానా అని అరుస్తుంటే నర్సింలు బీడీ కోసం జేబులో చెయ్యి పెట్టి, నా మొహం చూసి, మీసం తడుముకొని చెయ్యి తీసేశాడు. ఆ ఒక్క గడియలో మా వాకిలిలో ఉన్నంత సంబరం నేను పెళ్లి మండపాల్లో కూడా చూడలేదు.

దూడ అరుపు

కడిగిన తరువాత కంప్రెసర్ గాలితో మూలలు ఆరబెట్టాను, పాత నూలు గుడ్డతో తుడిచాను. కవర్లు విప్పాను. విప్పిన ప్రతిసారీ నేను రబ్బరు ముక్కలు లెక్కపెట్టుకునేదాన్ని. కవర్లు తడిసి ఒకదానికొకటి అంటుకుంటాయి, రబ్బరు ముక్కలైతే చేతికి గాజుల్లా ఎక్కించుకోవచ్చు. ఆరు ఉన్నాయి. సేట్‌కు ఒకటి. మొత్తం ఏడు. సరిపోయింది.

బ్యాటరీ తగిలించాం. యూసుఫ్ తాళం తిప్పాడు. ఒక్క దెబ్బకు అందుకుంది. కాసేపు అట్లాగే నడవనిచ్చాను. ఆ వేడికి మిగిలిన తడి ఆవిరైపోతుంది. ఎక్కడన్నా నూనె కారుతున్నదా అని కూడా చూశాను. కడిగిన ఇంజను మీదే కారే చోటు కనబడుతుంది. ఎక్కడా లేదు.

కారు వాకిలి దాటుతుంటే యూసుఫ్ సంబరంగా హారన్ కొట్టాడు.

"బే...ఏ..."

తల్లి కనబడని దూడ అరిచినట్టు వచ్చింది. అందరం ఒకరినొకరు చూసుకున్నాం. మళ్లీ కొట్టాడు. "బే...ఏ..." నర్సింలు పగలబడ్డాడు. యూసుఫ్ స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు. నేను ఎక్కువ నవ్వే మనిషిని కాదు. ఆ రోజు మాత్రం డ్రమ్ము పట్టుకొని నేల మీద కూర్చుండిపోయాను. కడుపు పట్టేసింది.

"హారన్ తడిసినట్టుందక్కా," అన్నాడు నర్సింలు.

"ఎండకు ఆరుతది, పోనీ," అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

పదమూడేళ్ల పనిలో నా పెద్ద తప్పు అదే. బండి చప్పుడు మారితే అది మనకు ఏదో చెబుతున్నట్టు. నవ్వండి, వద్దనను. నవ్వుతూనే లేచి పోయి మూత ఎత్తి చూడండి.

దండెం మీద ఆరు

పొద్దుగూకే ముందు ఇంటి దగ్గర కవర్లు కడిగి దండెం మీద ఆరేశాను. ఒకటి, రెండు, మూడు... ఆరు.

సంచి విదిలించాను. కొంగు విదిలించాను. ఆరే. అప్పుడు చెవిలో వినిపించింది. "బే...ఏ..."

పూలదారం కట్టిన కవరు. దానికి రబ్బరు లేదు కనుక నా లెక్కలోకి రాలేదు.

పొద్దున శరణమ్మ మూత ఎత్తిస్తుంది. పచ్చటి ఇంజను ముందు హోటల్ పాల కవరు వేలాడుతుంటుంది. ఆమె ఇప్పటిదాకా చీర ఒక్కటే మోస్తున్నది, ఇకమీద కవరు కూడా మోస్తుంది. అదొక్కటే అయితే నవ్వులాటగా పోవచ్చు. కాని హారన్ పక్కనే రేడియేటర్ పంకా ఉంటుంది. దారం తెగి కవరు పంకాకు చుట్టుకుంటే బండి దారిలో ఆగవచ్చు, పెళ్లికొడుకు బండిలో ఉండగా.

వెంటనే సేట్ ఇంటికి నడిచాను. కారు లేదు. శరణమ్మను తీసుకురావడానికి యూసుఫ్ వెళ్లాడట. రాత్రికి వస్తాడన్నారు. చెప్పిపోదామంటే సేట్ వంటవాళ్లతో గొడవపడుతున్నాడు, నా వైపు చూడనే లేదు.

ఇంటికి వచ్చి రొట్టె ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఊరుకుంటే ఏమవుతుందని ఆలోచించాను, దాచడం ఎందుకు. హారన్ మూలన ఉంటుంది, ఆమె చూడకపోవచ్చు. చూసినా కవరు గాలికి వచ్చి పడిందనవచ్చు. నా పేరు మీదికి రాకపోవచ్చు. నేను చెబితే మాత్రం పందెం ఓడినట్టే. నర్సింలు మాట అందరి ముందూ అన్నాడు, నేనూ అందరి ముందే ఒప్పుకున్నాను. చెబితే పని పోతుంది. చెప్పకపోతే నాకున్న పేరు దొంగ పేరవుతుంది. అటువంటి పేరు కన్నా గిన్నెలామె నయం. రొట్టె తినేశాను. పారేయడం నాకు అలవాటు లేదు.

తెల్లవారి

తెల్లవారగానే వెళ్లాను. సేట్ ఇంటి ముందు బాజాలవాళ్లు డప్పులు కాచుకుంటున్నారు. కారు మూత మీద బంతిపూల దండలు అడ్డంగా నిలువుగా కట్టి ఉన్నాయి. శరణమ్మ పళ్లెం పట్టుకొని అప్పటికే కారు ముందు నిలబడింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. భుజానికి సంచి. ఆ సంచిలో ఏముందో నాకు చెప్పనవసరం లేదు.

"జర ఆగుండ్రి!" అని అరిచాను.

బాజాలు కూడా ఆగాయి.

"ఏంది సుగుణా?" అన్నాడు సేట్, తలపాగా సవరించుకుంటూ.

"నిన్న తప్పు జరిగింది. హారన్‌కు కట్టిన పాల కవరు తియ్యలే. మరిచిన. ముందు అది తియ్యనియ్యుండ్రి."

సేట్ తన అక్క వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది.

"ఇదేను?" అంది. కన్నడంలో ఇదేమిటని. "ఎవరు గీమె?"

"నీ ఇంజన్ కడిగినామె, అత్తా," అన్నాడు యూసుఫ్. "సుగుణక్క."

దండలు విప్పకుండా పక్కకు జరిపి యూసుఫ్ మూత ఎత్తాడు. కొన్ని పూలు రాలాయి. నేను చెయ్యి పెట్టి, పూలదారం తెంపి, కవరు తీశాను. విదిలించి, మడిచి, నడుము దగ్గర దోపుకున్నాను.

శరణమ్మ పళ్లెం సేట్ చేతికి ఇచ్చింది. కొంగు మొత్తం చుట్టి నడుముకు బిగించింది. లోపలికి వంగి ఇంజను మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు గీసింది. ఆ వేలును వెలుతురుకు ఎత్తి చూసింది. తిప్పి చూసింది. అందరికీ చూపించింది. ఏమీ లేదు.

"మల్లప్పా," అంది, "నీ ఇంట్ల నాకు పెట్టిన చాయ కప్పు గింత సాఫ్ లేదు."

మొదట పెళ్లికొడుకు నవ్వాడు. తరువాత బాజాలవాళ్లు. తరువాత సేట్, ఏడుపో నవ్వో తెలియకుండా. ఆమె పసుపు రాసింది, బొట్టు పెట్టింది. పచ్చటి ఇంజను మీద ఎర్రటి బొట్టు దూరం నుంచి కూడా కనబడింది. అప్పుడు సంచిలో చెయ్యి పెట్టి ఆ పాత పట్టుచీర తీసింది. సేట్ కళ్లు మూసుకున్నాడు. ఆమె దాన్ని నా చేతిలో పెట్టింది.

"పట్టుకపో. ఇంజన్లు తుడ్వనీకె పనికొస్తది."

"వద్దమ్మా," అన్నాను. "పట్టు తడి పీల్చది. పాత నూలు చీర ఉంటే ఇయ్యి."

మళ్లీ నవ్వులు. యూసుఫ్ లోపల కూర్చొని హారన్ నొక్కాడు. దూడ కాదు, ఎద్దు రంకె వేసినట్టు బజారంతా మోగింది. పళ్లెం పట్టుకున్న సేట్ ఉలిక్కిపడితే పసుపు ఆయన తలపాగా మీద పడింది. ఆయన దులుపుకోలేదు. జేబులోంచి రబ్బరు ముక్క తీసి నాకు తిరిగి ఇచ్చాడు.

కారు వెళ్లిపోయింది. నేను వాషింగ్ సెంటర్‌కు నడిచాను. నర్సింలు ఒక లారీ ముందు నిలబడి ఉన్నాడు. అప్పుడే వచ్చిందేమో, ఇంకా సెగలు కక్కుతోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. కొబ్బరి చిప్ప సంచిలో వేసుకొని, "ఓడిన. పోతున్న," అన్నాను.

నర్సింలు మీసం దువ్వుకున్నాడు.

"నాది సగం కాలిననాడు నేను దుకానం బంద్ పెట్టిన్నా?" అన్నాడు. "నువ్వు దాసిపెడితే ఓడినట్టు. చెప్పినవ్ గద." తరువాత లారీ వైపు చెయ్యి చూపాడు. "దీన్ని చూడు."

వేలితో ఒక చుక్క చల్లాను. చుయ్యిమంది.

"కాలుతుంది," అన్నాను.

"ఐతే అరగంట కూసో."

కూర్చున్నాను. కవర్లు తీసి లెక్కపెట్టాను, ఏడు. రబ్బరు ముక్కలు వేరే లెక్కపెట్టాను, ఏడు. అరగంట అయ్యాక లేచి లారీ కడిగాను.